రాజుగారిని రెండేళ్లు ఆపిన కుర్చీ

కొత్తపేటలో మా తాతగారి పడకగది గోడకు రెండు చిలక్కొయ్యలుండేవి. అమలాపురంలో కోర్టు పని చూసుకుని ఆఖరి బస్సులో దిగేవారాయన. లాల్చీ ఒక కొయ్యకి, ఉత్తరీయం రెండోదానికి, పంచె దండెం మీదకి, పొడుంకాయా తాళంచెవులూ గోడ గూట్లోకి. తెల్లారితే కేక: "తాళాలేవే?" వంటింట్లోంచి మా మామ్మ: "మీరెక్కడ పడేశారో నాకేం తెలుసండీ!"

విప్పిన బట్టలు ఎక్కడ పెట్టాలన్న ఈ చిక్కు మీదే 1951లో డెన్మార్క్‌లో ముగ్గురు మాట్లాడుకున్నారు. ఒకరు స్టీన్ ఐలర్ రాస్ముసెన్, వాస్తుశిల్పం చెప్పే ప్రొఫెసరు. ఇంకొకరు బో బోయెసెన్. మూడో ఆయన హాన్స్ వేగ్నర్. టోండర్ అనే చిన్న ఊళ్లో చెప్పులు కుట్టే ఆయన కొడుకు. పద్నాలుగేళ్లకే ఉలి పట్టి వడ్రంగం నేర్చుకున్నాడు. నా ఊహలో ఆ సాయంత్రం ప్రొఫెసరు వాదిస్తూ ఉంటాడు, బోయెసెన్ నవ్వుతూ ఉంటాడు, వేగ్నర్ మాత్రం తన కోటు వేలాడుతున్న కుర్చీ వీపుకేసి చూస్తూ ఉంటాడు. కోటు భుజాలు జారిపోతున్నాయి కదా, ఆ వీపునే భుజాల్లా చెక్కితే?

అలాగే చెక్కాడు. కుర్చీ వీపు పైకొస అచ్చం కోటు తగిలించే హ్యాంగరు. కూర్చునే పలకని పైకి లేపి నిలబెడితే దాని అంచు మీద ప్యాంటు ముడత పడకుండా వేలాడుతుంది. పలక కింద చిన్న అర. గడియారం, తాళాలు, జేబులోంచి తీసిన చిల్లరమల్లర అందులోకి. మా తాతగారి కొయ్యా దండెమూ గూడూ మూడూ గోడ వదిలేసి ఒక్క కుర్చీలోకి వచ్చి కూర్చున్నాయన్నమాట.

మొదట చేసినది నాలుగు కాళ్లది. డెన్మార్క్ రాజు తొమ్మిదో ఫ్రెడరిక్ దాన్ని చూశాడు. ఈయన నౌకాదళంలో పెరిగిన మనిషి, ఒంటి మీద పచ్చబొట్లున్న రాజు. చూసీ చూడగానే నాకొకటి కావాలన్నాడు.

రాజంతటివాడు అడిగితే అదే బండికెక్కించి పంపేవాళ్లే ఎక్కువ. వేగ్నర్ పంపలేదు. చేసినది తనకే నచ్చలేదు. మళ్లీ గీశాడు, మళ్లీ కోశాడు. 1951 పోయింది, 1952 పోయింది. కోటకి కుర్చీ వెళ్లలేదు. చివరికి 1953లో ఒక కాలు తీసేసి మూడు కాళ్లతో నిలబెట్టాడు. అప్పుడు గానీ రాజుగారి ముచ్చట తీరలేదు. జొహానెస్ హాన్సెన్ అనే వడ్రంగి కార్ఖానాలో తయారైన ఆ కుర్చీని ఇప్పటికీ పీపీ మోబ్లర్ అనే డేనిష్ సంస్థ చేస్తోంది. వేగ్నర్ 2007లో పోయేనాటికి ఆయన గీసిన కుర్చీలు 500 దాటాయి. 1960 అమెరికా ఎన్నికల చర్చలో కెన్నెడీ కూర్చున్నదీ ఆయన చేసిన కుర్చీయే. కానీ నాకు ఈ ముక్కాలిదే ఇష్టం. కూర్చోడానికి అంత సుఖమేమీ కాదనుకోండి, కోటుకే సుఖం.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఫోన్లో దీని బొమ్మ మా వడ్రంగి గారికి చూపించాను. ఆయన కళ్లజోడు సర్ది, వేళ్లతో బొమ్మ పెద్దది చేసి, ముందు కాళ్లు లెక్కపెట్టారు.

"ముక్కాలిపీటేనండి ఇది. నేల ఎగుడుదిగుడున్నా ఊగదు. ఈపు చెక్కడమే పనండి, ఒక్క దుంగలోంచి తీశాడో అతికాడో... టేకేనాండీ?"

"పలక టేకు, మిగతాది పైన్."

రాజుగారి సంగతి చెప్పాను. రెండేళ్లన్న మాట దగ్గర ఆయన చేతిలో బీడీ ఆగింది.

"ఆగారాండీ ఆయన?"

"ఆగారు."

"ఆయ్," అని బీడీ ముట్టించుకుని, వసారాలో సగం చెక్కిన పెళ్లిమంచం వైపు చూశారు. "ఈళ్లు మాఘమాసం దాకా ఆగనంటున్నారండి."