రేవు నుండి చేనికి

కార్తెలను చూచి విత్తుట మన రైతునకు తరతరముల అలవాటు. కార్తె సూర్యుని నడకను తెలుపును గాని ఆ యేటి వాన నడకను తెలుపదు. ఆ పనికి పూనుకొన్న శాస్త్రము మొదట చేను వైపు చూడలేదు. సముద్రము వైపు చూచినది. 1864 అక్టోబరున కలకత్తాను, నవంబరున మచిలీపట్నమును తుపానులు ముంచెత్తినవి. మరుసటి యేడు కలకత్తా రేవునకు హెచ్చరికలు పంపు ఏర్పాటు జరిగినది. భారత వాతావరణ శాఖ 1875లో వెలసినది. పూనాలో వ్యవసాయ వాతావరణ విభాగము 1932లో గాని రాలేదు. రైతులకు రేడియోలో సూచనలు 1945లో మొదలైనవి. వానిని చదువు పని మా వంతైనది. ఓడ విన్న మాటను చేను వినుటకు ఎనుబదేండ్లు పట్టినది!

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడిలో ఆ మాట విలువ మిరప రైతు ఎరుగును. నాటిన నారుకు చినుకు ప్రాణము. అదే వాన మడుగు కట్టెనా వేరు కుళ్లును; మందు కొట్టిన సాయంత్రము కురిసెనా సొమ్ము నీటిపాలు; కళ్లములో ఆరు కాయపై పడెనా రంగు చెడి ధర పడిపోవును. రేపటి వాన సంగతి తెలిసినచో కాయను కుప్పజేసి పట్టాలు కప్పవచ్చును, విచ్చిన పత్తిని ముందే తీయవచ్చును. చేలోని మొక్కకు పట్టా కప్పుట యెట్లు? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువను తీరము దాటినది. హెచ్చరిక కొన్ని దినములు ముందుగనే వచ్చినది. నిలిచిన పైరు నీట మునుగక తప్పలేదు.

కాన రైతునకు కావలసినది ఋతువు పొడుగునకు చెప్పు సూచన. ఈశాన్య ఋతుపవనముల సూచనను వాతావరణ శాఖ అక్టోబరు ముంగిట ప్రకటించును. అప్పటికి కౌలు కుదిరినది, నారు నాటుకొన్నది. ఆ మాటయు దక్షిణాది భూములకు కలిపి చెప్పునదే గాని, ఫిరంగిపురమునకు వేరుగా, పర్చూరునకు వేరుగా చెప్పునది కాదు.