శవపేటిక మీద గుండె గుర్తు: అది నిజంగా సంకోఫాయేనా?

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన ఎపిసోడ్‌లో న్యూయార్క్ శవపేటిక గురించి చెబుతూ, దాని మీదున్నది ఆఫ్రికా గుర్తేనని గట్టిగా చెప్పేశాను. అంత గట్టిగా చెప్పాల్సింది కాదు.

1991లో మన్‌హాటన్‌లో ఒక ప్రభుత్వ భవనం కోసం తవ్వుతుంటే పాత శ్మశానం బయటపడింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లని, వాళ్ల పిల్లల్ని అక్కడ పూడ్చేవాళ్లు. 400 పైచిలుకు అస్థిపంజరాలు దొరికాయి. ఒక పేటిక మూత మీద చిన్న మేకులతో గుండె ఆకారం కొట్టి ఉంది. సంకోఫా అన్నారు పరిశోధకులు.

ఘనాలోని అకాన్ ప్రజల భాషలో సంకోఫా అంటే 'వెనక్కి వెళ్లి తెచ్చుకో' అని. అదింక్రా అనే గుర్తుల్లో ఇదొకటి. కుమాసి దగ్గర ఎన్‌టోన్సో అనే ఊళ్లో ఇప్పటికీ ఈ అద్దకం చేస్తారు. ఎండిన బుర్ర ముక్క మీద గుర్తు చెక్కుతారు, పుల్లలు గుచ్చి పిడి కడతారు. చెట్టు బెరడుని చిక్కబడేదాకా మరిగించి, ఆ నల్లరంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. ఇవి ముఖ్యంగా చావుకి కట్టుకునే బట్టలు. అందుకే పేటిక కథ నాకు అంత సులువుగా నచ్చేసింది!

కానీ చూడండి, అదింక్రా గుడ్డల్లో మనకు దొరికిన చాలా పాతది 1817 నాటిది. బౌడిచ్ అనే ఇంగ్లీషాయన కుమాసి నుంచి తెచ్చాడు, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీద ఈ గుండె లేదు. పైగా 18వ శతాబ్దంలో అమెరికాలోని తెల్లవాళ్లూ సమాధుల మీద, పేటికల మీద గుండె బొమ్మ వేసేవాళ్లు. 2010లో ఎరిక్ సీమన్ అనే చరిత్రకారుడు ఈ వాదనే పెట్టాడు. నాకు అదే సబబుగా అనిపిస్తోంది.

అయితే అకాన్ వాళ్లు న్యూయార్క్‌లో లేరని కాదు. 1741లో కుట్ర చేశారని అక్కడ సజీవదహనం చేసిన ఇద్దరి పేర్లు చూడండి: కఫీ, క్వాక్. కఫీ అంటే కోఫీ, శుక్రవారం పుట్టిన అబ్బాయి. క్వాక్ అంటే క్వాకు, బుధవారం పుట్టినవాడు. ఆ వారం పేర్లే ఇంగ్లీషు రాతలో ఇలా కాస్త మారాయి. నాకైతే మేకుల గుండె కన్నా ఇదే పెద్ద సాక్ష్యం.

ఆ శ్మశానం దగ్గర ఇప్పుడు స్మారకం ఉంది. దాని గోడ మీద అదే గుండె గుర్తు, పెద్దగా చెక్కి ఉంది. దాన్ని తీసేయమని నేను అనను. ఎప్పుడైనా వెళ్తే, కింద పడుకున్నవాళ్లలో ఒక కోఫీ ఉండొచ్చని గుర్తుపెట్టుకోండి.