ఫ్లాటు అమ్మారు.. ‘రాజీ’ పడలేదు

పుణె నగరంలో ఒక చిన్న బృందం 2017లో ప్రజల ముందు చేయి చాచింది. పురాణాల నేపథ్యంలో ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నామని, నచ్చినవారు ముందుగానే తలా కొంత సొమ్ము వేస్తే పూర్తి చేసి చేతికి అందిస్తామని కోరింది. లక్ష్యం నిండలేదు. ఇలాంటి చోట చాలామంది తట్టాబుట్టా సర్దుకుని పాత కొలువులకు వెళ్లిపోతారు. ఈ బృందం వెళ్లలేదు. వ్యవస్థాపకుల్లో ఒకరు సొంత ఫ్లాటు అమ్మి పని ఆగకుండా చూశారు. మూడేళ్ల తరువాత 2020 ఆగస్టు 18న ఆ ఆట ప్రపంచ విపణిలోకి వచ్చింది. దాని పేరు ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’. తయారు చేసిన సంస్థ నాడింగ్ హెడ్స్ గేమ్స్.

పేరు చూసి తెలుగు పాఠకులు పొరబడే అవకాశం ఉంది. ఇక్కడ రాజీ అంటే ఒప్పందం కాదు, కథానాయిక పేరు.

నాడింగ్ హెడ్స్‌ను స్థాపించినవారు అవిచల్ సింగ్, శ్రుతి ఘోష్, ఇయాన్ మౌడ్. ఆట తీరుతెన్నులు అవిచల్ సింగ్ చూస్తే, బొమ్మలు, రంగులు, కట్టడాల రూపకల్పన శ్రుతి ఘోష్ చూశారు. వందల మంది ఉద్యోగులు, కోట్ల డాలర్ల పెట్టుబడి ఉన్న విదేశీ కంపెనీలతో పోలిస్తే ఇది ఒక కుటీర పరిశ్రమ. ఇలా పెద్ద కంపెనీల అండ లేకుండా సొంత ఆలోచనతో ఆటలు తయారు చేసే బృందాలను ‘ఇండీ స్టూడియో’లని పిలుస్తారు. ఇండీ అంటే ఇండియా కాదు, ఇండిపెండెంట్‌కు పొట్టి రూపం.

చందాల సంగతి

వీరు నమ్ముకున్నది కిక్‌స్టార్టర్ అనే చందాల వేదికను. దాని నిబంధన కఠినమైనది. గడువులోగా కోరిన మొత్తం పూర్తిగా సమకూరితేనే సొమ్ము చేతికి వస్తుంది. రూపాయి తగ్గినా హామీ ఇచ్చిన వారెవరి ఖాతా నుంచీ పైసా కదలదు. ఊళ్లో చీటీ పాటకు, దీనికి పోలిక లేదు. చీటీలో ఎంతో కొంత చేతికి వస్తుంది, ఇక్కడ అయితే అంతా, లేకపోతే ఏమీ లేదు. ‘రాజీ’ విషయంలో జరిగింది రెండోదే.

చిన్న స్టూడియోకు అసలు ఖర్చు యంత్రాలు కాదు, నెల జీతాలు. చిత్రకారుడు, త్రీడీ బొమ్మలు మలిచేవారు, వాటికి కదలిక ఇచ్చే యానిమేటరు, ప్రోగ్రామరు, ధ్వనులు కూర్చేవారు, లోపాలు పట్టేవారు.. ఇందరూ నెలల తరబడి పని చేస్తున్నా ఆట విడుదలయ్యే దాకా ఒక్క రూపాయి ఆదాయం ఉండదు. విత్తు వేసి పంట ఇంటికి వచ్చే దాకా రైతు ఎదుర్కొనే స్థితే ఇది. రైతుకు నాలుగు నెలలైతే వీరికి మూడు, నాలుగేళ్లు. ఆ మధ్యకాలాన్ని దాటించింది ఆ ఫ్లాటు తాలూకు సొమ్ము. ఆ తరువాత సూపర్.కామ్ అనే ప్రచురణ సంస్థ తోడు వచ్చింది.

సాంకేతికంగా మాత్రం నేటి కాలం చిన్నవారికి కొంత అనుకూలమే. ‘రాజీ’ని అన్‌రియల్ ఇంజిన్ 4పై నిర్మించారు. వెలుతురు ఎలా పడాలి, దూకిన మనిషి ఎలా కిందికి రావాలి వంటి లెక్కలన్నీ ముందే రాసిపెట్టిన పునాది వంటిది ఇంజిన్. పెద్ద కంపెనీలు వాడే ఆ ఇంజిన్‌నే పుణెలో పది పదిహేను మంది కూడా దింపుకొని వాడుకోవచ్చు. 2020లో సవరించిన షరతుల ప్రకారం ఒక ఆటపై వచ్చిన మొత్తం రాబడి 10 లక్షల డాలర్లు దాటితేనే ఆపై మొత్తంలో 5 శాతం ఇంజిన్ యజమానికి చెల్లించాలి. అయితే అమ్మకం వేదికల వాటా వేరు. కంప్యూటర్ ఆటల ప్రధాన అంగడి అయిన స్టీమ్ సాధారణంగా 30 శాతం తీసుకుంటుంది. మిగిలిన దానిలోనే ప్రచురణకర్త వాటా, పన్నులు పోవాలి. వంద రూపాయల ఆట అమ్మితే తయారు చేసినవారికి వంద రాదని ఈ రంగంలోకి రాదలచిన యువకులు ముందే తెలుసుకోవడం అవసరం.

అక్క పోరాటం

కథ ఇదీ. రాజీ సర్కసు విద్యలు నేర్చిన బాలిక. తమ్ముడు గోలు బొమ్మలాడిస్తాడు. పూర్వం దేవతల చేతిలో ఓడిన అసురులు వెయ్యేళ్ల తరువాత మళ్లీ భూమిపై విరుచుకుపడి పిల్లలను ఎత్తుకుపోతారు. వారిలో గోలు కూడా ఉంటాడు. వారి నాయకుడు మహాబలాసురుడు. తమ్ముడిని వెతుక్కుంటూ బయలుదేరిన రాజీకి దుర్గమ్మ త్రిశూలం లభిస్తుంది, తరువాత విష్ణువు విల్లు చేతికి వస్తుంది. ఆట సాగినంతసేపూ దుర్గ, విష్ణువు తమలో తాము మాట్లాడుకుంటూ కథను నడిపిస్తారు. ఆ పిల్ల గెలుస్తుందా అని దేవతలకే సందేహం. ఈ ఏర్పాటు వినసొంపుగా ఉంది.

కోటలు, మెట్ల బావులు, జాలీ కిటికీలు చూస్తే రాజస్థాన్ గుర్తుకు వస్తుంది. రంగుల్లో పహాడీ సూక్ష్మ చిత్రాల ఛాయ కనిపిస్తుంది. హిందూ పురాణాలతో పాటు బాలి ద్వీప సంప్రదాయం నుంచి కూడా ప్రేరణ పొందారు. గోడల మీది చిత్రాల ముందు ఆగితే దేవతల కథలు వినిపిస్తాయి. చక్రాల్లా తిరిగే ముక్కలను జతపరచి మండలాన్ని పూర్తి చేసే పజిళ్లు మధ్యమధ్య వస్తాయి. సంగీతం మాత్రం గ్రీకు స్వరకర్త లినోస్ జెలోస్ సమకూర్చారు.

తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఘట్టానికి ఘట్టానికి మధ్య వచ్చే కథాభాగాలను నీడబొమ్మల ఆట పద్ధతిలో చూపారు. తెర వెనుక దీపం, తెరపై కదిలే ఆకారాలు. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో నేటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లోనే పద్మశ్రీ ప్రకటించారు. ‘రాజీ’లోని బొమ్మలు మన తోలుబొమ్మలకు నకలు కావు. అయినా రామాయణ, భారత కథలను తెరమీద ఆడించిన కళకు, కంప్యూటర్ ఆటకు మధ్య దూరం మనం అనుకున్నంత లేదని అవి చూస్తే అర్థమవుతుంది. మన కళాకారుల పనితనాన్ని వాడుకునే స్టూడియో ఒక్కటైనా హైదరాబాద్‌లోనో విశాఖలోనో పుట్టకూడదా అన్న ఆలోచనా కలుగుతుంది.

మెప్పు, విమర్శ

నింటెండో సంస్థ 2020 ఆగస్టులో స్వతంత్ర ఆటల ప్రదర్శన నిర్వహించి, అదే రోజున ‘రాజీ’ని తన స్విచ్ యంత్రంపై విడుదల చేసింది. కంప్యూటర్, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లపైకి అక్టోబర్ 15న వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ‘ది గేమ్ అవార్డ్స్’లో ఉత్తమ తొలి ఆట విభాగంలో పోటీకి ఎంపికైంది. బహుమతి ‘ఫాస్మోఫోబియా’కు దక్కింది.

అన్నీ పొగడ్తలే రాలేదు. దృశ్యాలు, సంగీతం బాగున్నాయని రాసిన విమర్శకులే పోరాట ఘట్టాల్లో బిగువు తగ్గిందని, కొన్ని గంటల్లోనే ముగిసిపోతుందని, ముగింపు అర్ధంతరంగా ఉందని వేలెత్తి చూపారు. భారతీయ కథకు ఆంగ్ల సంభాషణలు అతకలేదని అన్నవారూ ఉన్నారు. ఆ ఫిర్యాదుల్లో న్యాయం లేకపోలేదు. చేతిలో సొమ్ము అయిపోతున్నప్పుడు మొదట కోత పడేది కథ నిడివికే.

స్టూడియో ఆ మాటలను పెడచెవిన పెట్టలేదు. 2022లో మెరుగుపరచిన కూర్పును విడుదల చేసింది. పోరాటాలను సరిదిద్ది, హిందీ గాత్రాలను చేర్చింది. దుర్గ హిందీలో మాట్లాడటం మొదలయ్యాక ఆటకు సొంత గొంతు వచ్చినట్లయింది.

జూదం వేరు, ఆట వేరు

గేమింగ్ అనగానే పల్లెల్లో తల్లిదండ్రులు ఉలిక్కిపడటంలో తప్పు లేదు. ఆన్‌లైన్ రమ్మీలో పొలాలు, ప్రాణాలు పోగొట్టుకున్నవారి కథలు వారు విన్నారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీపై నిషేధం విధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను దేశమంతటా నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని ఆటలను ప్రోత్సహిస్తామని చెప్పింది. ‘రాజీ’ వంటివి ఒక్కసారి కొనుక్కుని, సినిమా చూసినట్లు ఆడుకునేవి. వాటిలో పందెం ఉండదు. బ్యాంకు మేనేజరుకు, పిల్లనిచ్చే మామకు ఈ తేడా చెప్పుకోవలసి రావడం ఈ వృత్తిలోని యువకులకు ఒక పరీక్షే.

పని చేతులకు దేశంలో కొదవ లేదు. బెంగళూరులో ధ్రువ ఇంటరాక్టివ్ 1997లోనే మొదలైంది. 2019లో దానిని విదేశీ సంస్థ రాక్‌స్టార్ కొనుగోలు చేసింది. పుణెలో యుబిసాఫ్ట్‌కు, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు స్టూడియోలున్నాయి. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ 2016లోనే ‘ఇమేజ్’ విధానం తెచ్చింది. అయితే మనవారి శ్రమలో అధిక భాగం ఇతరుల ఆటలకు కూలి పనిగానే పోతోంది. బొమ్మ మనది, పేరు వారిది. నాడింగ్ హెడ్స్ ప్రత్యేకత అంతా పేరు కూడా తనదే కావాలని పట్టుబట్టడంలో ఉంది.

తరువాత ‘కలియుగ’

ఈ స్టూడియో 2025లో రెండో ఆటను ప్రకటించింది. ‘రాజీ: కలియుగ’ దాని పేరు. కంప్యూటర్, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాల కోసం దీనిని సిద్ధం చేస్తున్నారు. మొదటి దానిలో రాజీని ఆటగాడు పైనుంచి, దూరం నుంచి చూసేవాడు. కొత్త ఆటలో కెమెరా ఆమె భుజం వెనుకకు దిగింది. చూడటానికి చిన్న మార్పు, పనిలో చాలా పెద్దది. పైనుంచి చూసినప్పుడు గోపురం రంగు, ఆకారం కుదిరితే చాలు. దగ్గరకు వెళ్లినప్పుడు గోడ మీది పగులు, చీర అంచు, ముఖంలో కోపం అన్నీ కనబడాలి. ప్రతి బొమ్మకూ పని రెట్టింపవుతుంది, జీతాల నెలలు కూడా పెరుగుతాయి. పోరాటంలో బిగువు లేదన్న పాత విమర్శకు సమాధానం చెప్పవలసిందీ ఇక్కడే. అర్ధంతరంగా ఆగిన అక్కాతమ్ముళ్ల కథ ఎటు వెళ్లిందో తెలుసుకోవాలని మొదటి ఆట ఆడినవారు 2020 నుంచీ ఎదురు చూస్తున్నారు.