గోడలోపలి పసివాండ్రు



కార్తీకమాసమున కారెంపూడిలో వీరుల యుత్సవము జరుగునపుడు బాలచంద్రుని కథ విని కన్నీరు పెట్టని పల్నాటివారుండరు. ఆ బాలుడు కత్తిపట్టి తనంతట తానే రణమునకు బోయెను. నేడు నేను మనవిచేయు బాలురకు కత్తి లేదు. పోవుటకు రణరంగమును లేదు. యుద్ధమే వారి యింటికి వచ్చినది.

1939 సెప్టెంబరు 1వ తేదీన హిట్లరు సేనలు పోలండు దేశముపై బడినవి. కొలదినెలలలోనే పదేండ్లు దాటిన ప్రతి యూదుడును చేతికి నక్షత్రపు గుర్తుగల పట్టీ కట్టుకొనవలెనని శాసించిరి. 1940 నవంబరులో రాజధానియగు వార్సాయందు యూదుల వాడచుట్టు ఎత్తైన గోడ పెట్టి, ద్వారములకు కాపలా నుంచిరి. దానిని గెట్టో యందురు. చదరపు మైలున్నరకు లోబడిన ఆ చోట 4 లక్షలకు మించిన జనమును గ్రుక్కిరి. ఆకలిచేతను విషజ్వరముచేతను వేలకొలది చనిపోయిరి. గోడ కంతలలో దూరి, పైనుండి రొట్టెలును దుంపలును తెచ్చి తలిదండ్రులను బ్రదికించినవారు చిన్నపిల్లలే. అట్లు దూరుచు తుపాకి దెబ్బకు గూలిన పిల్లలును గలరు.

ఆ గోడలోపల నొక యనాథశరణాలయ ముండెను. దానిని నడుపుచుండినవాడు యానుష్ కోర్చాక్ అను వైద్యుడు. 1912 మొదలు ఆయన యా పిల్లలకు తండ్రియై యుండెను. అచ్చట పిల్లల తగవులను పిల్లలే న్యాయస్థానము దీర్చి తీర్చుకొనెడివారు. తప్పుచేసినచో కోర్చాక్ సయితము ఆ బాలుర యెదుట నిలువవలసినదే. శరణాలయమును గెట్టోలోనికి మార్చునపుడు పిల్లల దుంపల బండిని జర్మనులు లాగుకొనిరి. చేతిపట్టీ కట్టుకొనకయే పోయి యాయన వారి నడుగగా, చెఱసాలలో వేసిరి.

1942 జూలై 18వ తేదీన ఆ పిల్లలు మన రవీంద్రుని “డాక్‌ఘర్” నాటకము నాడిరి. రోగియై గదిలో బంధింపబడిన అమలు అను బాలుడు, కిటికీకడ గూర్చుండి, దారినిబోవు పెరుగువానితోడను కావలివానితోడను ముచ్చటించుచు, రాజుగారి జాబునకై యెదురు చూచుచుండును. తుదకు రాజవైద్యుడు వచ్చి తలుపులన్నియు దెఱపించును, బాలుడు నిద్రించును. రవీంద్రుడు ముందటి యేడే గతించెను. తాను వ్రాసిన మాటలను దూరదేశమున గోడలోపలి బిడ్డలు పలుకుదురని యాయన యెఱుగడు. మరణమునకు భయపడకుండ పిల్లలను సిద్ధపరచుటకే కోర్చాక్ ఈ నాటకము నెన్నుకొనెనని చెప్పుదురు.

నాలుగు దినములకే గెట్టోనుండి జనమును రైళ్ల కెక్కించి పంపుట ప్రారంభమయ్యెను. ఆగష్టు మొదటివారమున శరణాలయము వంతు వచ్చినది. కోర్చాక్‌ను దాచెదమని స్నేహితులు పలుమారు చెప్పియుండిరి, ఆయన యొల్లడయ్యెను. సుమారు 200 మంది పిల్లలతోడను, తన సహచరి స్టెఫానియా విల్చిన్స్కాతోడను, తక్కిన యుపాధ్యాయులతోడను వీథివెంట నడచి రైలెక్కెను. ఆ రైలు పోయినది ట్రెబ్లింకాకు. అది ఖైదు చేయుటకుగాక చంపుటకే కట్టిన శిబిరము. యుద్ధము ముగియులోపల హతులైన 60 లక్షల యూదులలో ఇంచుమించు 15 లక్షలు పిల్లలే.

బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని చాపకూటి పంక్తిని గూర్చుండబెట్టెనని మన వీరగాథలు చెప్పుచున్నవి. వార్సాలో జరిగినది దానికి సరిగా విపరీతము. అది చంపుటతో మొదలిడలేదు. ఒకరికి గుర్తు కట్టుటతో, ఒకరి బిడ్డను బడినుండి తొలగించుటతో మొదలైనది. గోడ పిదప లేచినది. రైలు అటుపిమ్మట వచ్చినది. 1978లో పోలండు దేశమే బాలల హక్కుల యొడంబడికకు ప్రతిపాదన చేయగా, 1989లో ఐక్యరాజ్యసమితి దాని నంగీకరించెను. కాని యొడంబడిక కాగితము మాత్రమే. “వీడు మనవాడు కాడు” అని యొక పసివానినిగూర్చి మన రచ్చబండకడ నెవరేని పలికిన నాడు, పెద్దలు నోరు విప్పవలసిన సమయ మదియే. గోడ లేచిన పిదప కోర్చాక్ వంటి మహాత్ముడు సయితము పిల్లలతోపాటు నడువగలిగెనేగాని, వారిని రక్షింపలేకపోయెను.