ఇంటి కాగుపై రాజ్యశాసనము

అమెరికా చరిత్రమనగానే పలాసా, టెక్కలి వైపు మిత్రులు వాషింగ్టనును, లింకనును, దాస్యవిమోచనమును గూర్చి యడుగుదురు. ఈ దేశమున సామాన్య గృహస్థుని పొయ్యిమీది కాగునకు సైతము రాజ్యాంగముతో ముడివడిన చరిత్ర కలదనియు, బీరు కాచుటకై దానిని పొయ్యికెక్కించుట 1920 మొదలు 1979 వరకు 59 ఏండ్లపాటు నేరమై యుండెననియు నెరిగినవారు మనలో తక్కువ. రెండు పర్యాయములు మద్యనిషేధమును చూచిన మన తీరమువారి కీ కథ తెలియదగినదని నా నమ్మకము.

నేను నివసించు ఆరెగాన్ రాష్ట్రమున, పోర్ట్‌లండ్ నగరములో, ఇంట బీరు కాచుకొనువారికి కావలసిన సామగ్రి నమ్ము స్టైన్‌బార్ట్ వారి అంగడి 1918లో స్థాపింపబడినది. ముప్పది లీటర్లు పట్టు ఉక్కు కాగు, ధాన్యము నానవేయుటకు అడుగున జల్లెడ యమర్చిన మూతపెట్టె, ఉష్ణమాపకము, చుట్టలు చుట్టిన రాగిగొట్టము, 19 లీటర్ల గాజుబుడ్డి, లోని వాయువును వెలికి పోనిచ్చి బయటి గాలిని లోనికి రానీయని నీటిబిరడా, రసపు సాంద్రతను కొలుచు హైడ్రోమీటరు, ఇవి యున్నచో చాలును. మొలకెత్తించి యెండబెట్టిన బార్లీని ఆరేడు కిలోలు పలుకుగా మరపట్టించి, 66 డిగ్రీల వేడినీట గంటసేపు నాననిచ్చినచో, మొలకలో పుట్టిన ఎంజైములు పిండిపదార్థమును చక్కెరగా మార్చును. వేడి హెచ్చినచో ఈస్టు తినలేని చక్కెరలు మిగిలి పానీయము మందమగును, తగ్గినచో పలుచనగును. ఆ తియ్యని రసమును వడగట్టి కాగులో తెర్లించుచు హాప్సు అను తీగె పూలను వేయుదురు. హాప్సులోని ఆల్ఫా ఆమ్లములు చాలసేపు తెర్లినప్పుడే రూపము మారి చేదు నిచ్చును. ఆ తెర్లుటలోనే పూల పరిమళతైలములు ఆవిరియై పోవును. కావున చేదునకై కొంత మొదటనే వేసి, సువాసనకై కొంత కాగును దించుటకు ముందును, మరికొంత రసము పులిసిన పిదపను వేయవలెను. సాధారణమైన బీరున కా 19 లీటర్లకు 60 గ్రాముల హాప్సు చాలును. ఇచ్చట డబుల్ ఐపీఏ, అనగా రెట్టింపు ఇండియా పేల్ ఏల్, అని పిలుచు ఘాటైన బీరునకు 300 గ్రాములైనను పట్టును, ఆ పూలు పీల్చుకొనునది పోగా రెండు మూడు లీటర్ల పానీయము చేతికే రాదు.

తాటికల్లు లొట్టిలోనే, ప్రకృతిలోని ఈస్టుతో తనంతట తాను పులియును. దానికి కాగుతో పనిలేదు. బీరురస మట్లు కాదు. చన్నీరు పారు రాగిగొట్టమును కాగులోనికి దించి, రసమును త్వరితముగా 20 డిగ్రీలకు చల్లార్చి, పెంచిన ఈస్టును కలిపి, రెండు మూడు వారములు కదల్పక యుంచవలెను. మంచినీట 1.000 చూపు హైడ్రోమీటరు, పులియుటకు ముందు డబుల్ ఐపీఏ రసమున 1.078 చూపి, పులిసిన పిమ్మట 1.014కు దిగును, ఆ భేదమును 131చే గుణించినచో మద్యసారము నూటికి 8.4 వంతులని తేలును. ఈ బలమునకు చిన్న గ్లాసే మితము.

ఇక నీరు. ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు నీటిలో జిప్సము మెండు. అది హాప్సు చేదునకు స్ఫుటత్వ మిచ్చునని యెరిగి, పోర్ట్‌లండ్‌లోని మెత్తని నీట జిప్సము తూచి కలిపికొందురు. అందుకై బీరు కాచు గృహస్థులు తమ కొళాయినీటి పరీక్షాపత్రమును నగరమువారి యొద్ద నుండి తెప్పించుకొని చదువుదురు. ఉద్దానమున పుట్టి, కొబ్బరితోటల నడుమ ఇంటింట మూత్రపిండముల వ్యాధిని చూచి, దాని కారణ మింకను నిశ్చయముగ తేలకుండుట యెరిగిన నాకు, పానీయపు రుచి కొరకై చదువబడు ఆ పత్రమును పట్టుకొన్నప్పుడెల్ల మనస్సు కలుక్కుమనును.

హాప్సు చేదునకు మన సముద్రముతోడను సంబంధము కలదు. 1766 నాటి సంధితో ఉత్తరసర్కారులు కంపెనీ యేలుబడిలోనికి వచ్చిన పిమ్మటి దశాబ్దములలో, లండనుచెంత బో యను చోట హాడ్జ్‌సన్ కాచిన లేతవన్నె బీరు కంపెనీ ఓడలలో ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి, నెలలతరబడి ప్రయాణించి, ఇండియా చేరుచుండెను. పానీయమును చెడగొట్టు సూక్ష్మజీవులను హాప్సు అణచును. ఐపీఏ యను ఆ బీరును ఇండియాకొరకే కనిపెట్టిరన్న మాట సత్యము కాదు. అట్టి బీరు ముందే యుండెను, ప్రయాణమున కది తట్టుకొనెను. 1822 ప్రాంతమున బర్టనుకు చెందిన ఆల్‌సప్ ఆ వర్తకమున ప్రవేశించెను.

అమెరికాలో ఇంట బీరు కాచుట దేశముకంటె పాతది. 1757లో వాషింగ్టను తేలికబీరు చేయు విధమును స్వహస్తమున వ్రాసికొనిన పుస్తకము న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీలో కలదు. జెఫర్సనుగారి మాంటిచెల్లో ఎస్టేటులో 1813 ప్రాంతమున ఆ విద్య నేర్చి బీరు కాచినవాడు పీటర్ హెమింగ్సు. అతడు జెఫర్సనుకు బానిస. మనుష్యులందరు సమానులని ప్రకటించినవాని బల్లమీది పానీయ మొక బానిస నైపుణ్యమన్న సంగతిని విడిచిన చరిత్ర చరిత్ర కానేరదు. పిదప జర్మనీనుండి వచ్చినవారు మిల్వాకీ, సెయింట్ లూయిస్ మున్నగు పట్టణములలో కర్మాగారములు నెలకొల్పిరి. 1873 నాటి కవి నాలుగువేలు దాటెను.

మరుసటి యేడే స్త్రీలు క్రైస్తవ మద్యవర్జన సంఘమును స్థాపించిరి. త్రాగివచ్చి భార్యాబిడ్డలను హింసించు పురుషులచే విసిగిన వారి యావేదనయు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలను సారాదుకాణముపై లేవదీసిన యావేదనయు నొక్కటే. దానిని తక్కువచేసి మాటాడు హక్కెవ్వరికి లేదు. ఆరెగాన్ స్త్రీలు 1912లో వోటుహక్కు పొందిరి, 1916లో ఆ రాష్ట్రమున నిషేధము వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీపేరు గల కర్మాగారములపై జనులకు కలిగిన ద్వేషమును తోడు కాగా, రాజ్యాంగమునకు మద్యనిషేధపు 18వ సవరణ 1920 జనవరి 17న దేశమంతట నమలయ్యెను. కర్మాగారములు రొట్టెలకని మాల్టుపాకమును డబ్బాలలో నమ్మెను. కొనినవారిలో పెక్కండ్రు రొట్టెల ఈస్టుతో, మాపకములు లేకయే, చాటుగా బీరు కాచిరి, సీసాలు పగులుచుండెను. 1933లో నిషేధము తొలగినను, ఇంటి ద్రాక్షాసవమునకు అనుమతి దొరకెను గాని ఇంటి బీరునకు దొరకలేదు. తరువాతి నలువదియైదేండ్లలో కర్మాగారములు నూటికి లోపుగా తగ్గి, అన్నిటి పానీయము నొక్క రుచియే యయ్యెను. విద్య నశించుట యన నిదియే.

కాలిఫోర్నియా సెనేటరు ఆలన్ క్రాన్‌స్టన్ పూనికచే వచ్చిన శాసనముపై అధ్యక్షుడు కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకము చేసెను. 1979 ఫిబ్రవరి 1 నుండి వయోజను డొక్కడున్న యింట ఏడాదికి 100 గ్యాలనులు, ఇద్దరున్నచో 200 గ్యాలనులు, అనగా 757 లీటర్లు, సుంకము లేక కాచుకొనవచ్చును; అమ్మరాదు. సారాయి బట్టీపెట్టుటకు ఆ శాసన మనుమతి నీయలేదు. కాలిఫోర్నియాలోని చికో పట్టణమున ఇంటిబీరు సామగ్రి నమ్ముచుండిన కెన్ గ్రాస్‌మన్ 1980లో సియెరా నెవాడా కర్మాగారమును స్థాపించి, ఆరెగానులోని కార్వాలిస్ పరిశోధకులు 1972లో విడుదల చేసిన కాస్కేడ్ హాప్సుకు దేశవ్యాప్త కీర్తి తెచ్చెను. 1994లో కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో విన్నీ చిలుర్జో యను బీరు కాచువాడు, తన పాత సామగ్రివలన కలుగగల దోషములు పైకి తెలియకుండుటకై, హాప్సును రెట్టింపుచేసెను. డబుల్ ఐపీఏ యట్లు పుట్టెను. నేడు కర్మాగారములు తొమ్మిదివేలకు పైన. అలబామా, మిసిసిపీ రాష్ట్రములు మాత్రము ఇంటిబీరు నంగీకరించుటకు 2013 వరకు పట్టెను.

మన తీరమున కాగును మొదట కట్టివేసినది నీతి కాదు, పన్ను. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము కల్లునకు, సారాకు లైసెన్సులు పెట్టి రాబడి కూర్చెను. 1937లో రాజాజీ సేలములో ప్రారంభించిన నిషేధము 1948 నాటికి మద్రాసు రాజ్యమంతట వ్యాపించెను. నడుమ తొలగిన ఆ నిషేధము ఆంధ్రప్రదేశమున 1995లో మరల వచ్చి 1997లో సడలెను. ఇంట మితముగా కాచుకొనుట వేరు, అమ్మి ఊరును త్రాగించుట వేరు అను భేదమును మన శాసనములు పాటింపలేదు. అమెరికా శాసనమునకును ఆ భేదము తోచుట కేబదేండ్లు మించి పట్టెను. ఇంట పులియబెట్టుటకు తగిన పండు మనకును కలదు: ఉద్దానమున జీడిపిక్కను తీసికొని జీడిమామిడి పండును తోటలోనే వదలివేయుదుము. ఆ పండునుండి గోవావారు చేయు ఫెనీ యను మద్యమునకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించెను. మన పండ్లను గూర్చియు, మితమైన ఇంటి పులియబెట్టుటను గూర్చియు, స్త్రీల సమ్మతితోనే, శాసనసభ యొకమారు చర్చింపవలెనని నా కోరిక. అంతవరకు, ఈ సామగ్రిని స్వదేశమునకు తెచ్చుకొందుమా యని యడుగు యువకులకు నా సమాధాన మిది: హైడ్రోమీటరును, రాగిగొట్టమును తెచ్చుకొనవచ్చును గాని, 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చట్టము ననుసరించి లైసెన్సు లేక బీరు కాచుట నేరము.