పాలంపేట

పాలంపేట తెలంగాణ రాష్ట్రంలోని ములుగు జిల్లా వెంకటాపూర్ మండలానికి చెందిన చిన్న గ్రామం. హైదరాబాదుకు ఈశాన్యంగా సుమారు 200 కి.మీ. దూరంలో, అడవులూ గుట్టలూ పరుచుకొన్న గోదావరి పరీవాహక ప్రాంతంలో ఉన్న ఈ ఊరు రామప్ప గుడి వల్లనే ప్రసిద్ధి పొందినా, దీని చరిత్రను చెరువుతో మొదలుపెట్టడమే సమంజసం.

ఇక్కడి వాగులు వానాకాలంలో ఉరకలెత్తి ఎండాకాలానికి అడుగంటేవి కావడంతో, ఏడాది పొడవునా నీరు నిలవాలంటే గుట్టల నడుమ సందును కట్టతో మూయక తప్పదు. రామప్ప చెరువు అలా ఏర్పడినదే. నీటిని పొలాలకు వదిలే తూములు, మిగులు నీరు కట్టను తెంచకుండా పొర్లిపోయే మత్తడి ఇటువంటి చెరువులకు ప్రాణం. పాకాల, లక్నవరం, గణపురం చెరువులతో పాటు దీనినీ కాకతీయుల పెద్ద చెరువులలో ఒకటిగా లెక్కిస్తారు. అడవిని సాగుభూమిగా మార్చి, ఆ ఆదాయంతో గుడిని, గుడి చుట్టూ ఊరిని నిలిపిన కాకతీయుల విధానానికి పాలంపేట చక్కని నిదర్శనం.

గుడి ఆవరణలోని శాసనం క్రీ.శ. 1213 నాటిది. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతీయ గణపతిదేవుని సేనాని. దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో కాకతీయ రాజు మహాదేవుడు మరణించి, అతని కుమారుడు గణపతిదేవుడు బందీ అయినప్పుడు, రాజ్యం చెదిరిపోకుండా కాపాడినవాడు ఇతడే. గణపతిదేవుడు విడుదలై 1199లో సింహాసనమెక్కాడు. గుడి నిర్మాణం సుమారు 40 ఏళ్లు సాగిందని భావిస్తారు. రామప్ప అనేది ప్రధాన శిల్పి పేరని జనశ్రుతి. మూలవిరాట్టు మాత్రం రామలింగేశ్వరుడు.

ఎత్తయిన నక్షత్రాకారపు జగతిపై, అంటే గుడికి పీఠంగా కట్టిన వేదికపై, ఎర్ర ఇసుకరాతితో ఆలయాన్ని లేపి, స్తంభాలకు, ద్వారబంధాలకు, చూరు కింది మదనికల, అంటే అందమైన స్త్రీమూర్తుల, విగ్రహాలకు నల్లరాతిని వాడారు. శిఖరంలోని ఇటుకలు నీటిపై తేలతాయని చెప్పి సందర్శకులను అబ్బురపరచడం పరిపాటే కాని, శిఖరం బరువును తగ్గించి కింది గోడలపై భారం పడకుండా చూడడమే వాటి అసలు ప్రయోజనం. పునాదిని ఇసుకతో నింపిన గోతిపై నిలిపారు. నేల కదిలినా ఆ ఇసుక అదురును కొంతవరకు తనలో ఇముడ్చుకొంటుంది. అయినా నేడు మండపం నేల అక్కడక్కడ కుంగి, ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమయ్యాక ఈ ప్రాంతానికి రాజాదరణ కరువైంది. 1914లో ఏర్పడిన నిజాం రాజ్య పురావస్తు శాఖకు సంచాలకుడైన గులాం యాజ్దానీ, పాలంపేట ఆలయాలపై 1922లో ప్రత్యేక గ్రంథం వెలువరించడంతో పండితుల దృష్టి మళ్లీ ఇటు మళ్లింది. గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని రచించిన నృత్తరత్నావళిని, ఇక్కడి నర్తకీశిల్పాల భంగిమలను ఆధారం చేసుకొని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల కాలపు పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించారు. 2021 జూలైలో ఈ ఆలయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

చెరువు ఇప్పటికీ పొలాలకు నీరిస్తోంది. దేవాదుల ఎత్తిపోతల పథకంలో గోదావరి నీటిని ధర్మసాగరం జలాశయం వైపు తరలించే మార్గంలో దీనిని కూడా చేర్చడంతో, వానలపైనే ఆధారపడిన ఈ చెరువుకు నది నీరు కూడా తోడైంది.