వనారస గోవిందరావు

వనారస గోవిందరావు రంగస్థల నటుడు, దర్శకుడు, సురభి నాటక సమాజ స్థాపకుడు. కడప జిల్లా చక్రాయపేట మండలంలోని సురభి అనే చిన్న పల్లె పేరు తెలుగునాట నాటకానికి మారుపేరు కావడం ఆయన చలవే. ఆయనది మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాట కుటుంబం. వలస వచ్చి రాయలసీమ పల్లెల్లో తెర కట్టి, దీపం వెనుక రామాయణ భారతాలను ఆడించి పొట్టపోసుకున్నవారు.

1885లో సురభిలో ఒక పెళ్లి జరిగింది. ఈసారి బొమ్మలు కాదు, మీరే వేషాలు కట్టి ఆడండని ఊరి పెద్దలు అడిగారని చెబుతారు. ఆడిన కథ ‘కీచకవధ’. సురభి చరిత్రకు ఆ రాత్రే మొదలు.

అప్పటికి తెలుగు నాటకం పసిగుడ్డు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో నాటకం ఆడించి అయిదేళ్లే అయింది. కొద్దికాలానికే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభను నడిపారు. వకీళ్లకూ పంతుళ్లకూ నాటకం కచేరీ పని ముగిశాక సాగే వ్యాసంగం. గోవిందరావు ఇంట్లో మాత్రం తెర లేస్తేనే పొయ్యి వెలిగేది. సురభి ఇన్నేళ్లు నిలవడానికి కళాభిమానం ఎంత కారణమో ఈ అవసరమూ అంతే కారణం.

ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో సురభివారు ఇంటి ఆడవాళ్లను రంగం మీదికి తెచ్చారు. దీన్ని సంస్కరణగా పొగడటం పరిపాటి. కానీ తోలుబొమ్మల తెర వెనుక సీతకూ ద్రౌపదికీ గొంతు అరువిచ్చింది ఎప్పుడూ ఆ ఇంటి ఆడవాళ్లే. తెర ముందుకు రావడమే కొత్త. కలకత్తాలో బెంగాల్ థియేటర్ 1873లోనే నటీమణులను తీసుకున్నా, వారు వేశ్యవాడల నుంచి వచ్చినవారని భద్రలోకం ముఖం చిట్లించింది. సురభి నటి ఆ కంపెనీ కోడలో కూతురో. సురభి కమలాబాయి తల్లి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు మొదలై రంగస్థలం మీదే ప్రసవించిందని అంటారు. ఆ కమలాబాయే 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి.

బొమ్మలాట నుంచి మిగిలిన మరో ఆస్తి, చూపుడు విద్య. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్లు వాటంతటవే గాలిలో తేలి వెళతాయి. యుద్ధంలో రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి నడిమధ్య నిప్పురవ్వలతో ఢీకొంటాయి. అంతా సన్నని తీగల పని. తీగ లాగే చెయ్యి పద్యం నడకను బట్టి కదలాలి; ఒక్క క్షణం ముందైనా వెనకైనా జనం నవ్వేస్తారు. రంగులద్దిన పరదాలు, దీపాలు, నటుడి అడుగు అన్నీ ఒక లెక్కలో కలిపి నడపడమే సురభివారికి దర్శకత్వం.

కుటుంబం పెరిగేకొద్దీ కొడుకులూ అల్లుళ్లూ వేరు కంపెనీలు పెట్టుకున్నారు. ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలు డేరాలు, పరదాలు, పిల్లాపాపలతో ఊరూరా తిరిగాయి. పసివాడికి నడక వస్తే చాలు, బాలకృష్ణుడి వేషం సిద్ధం. సినిమా వచ్చి ఆ సంఖ్యను వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి తెచ్చింది.

మిగిలినవాటిలో పేరున్నది 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి. దాన్ని నడిపిన ‘సురభి బాబ్జీ’ రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ దక్కింది, 2022లో కన్నుమూశారు. కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ సురభి కళాకారులకు శిక్షణ ఇచ్చి ‘భీష్మ’, ‘చండీప్రియ’తో పాటు ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆడించారు. ఆ చివరిది పురాణం కాదు, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచనకు తెలుగు రూపం.